మెచ్చుకునేదీ ఆయనే, జీతమిచ్చేదీ ఆయనే

సంపాదకులు గారికి,

నమస్కారం. ఎండీ గారు, ఆయన సంస్థలో డిజైనరుగా చేరిన మధ్యతరగతి అమ్మాయి, వీరిద్దరి ప్రేమను ఇతివృత్తంగా తీసుకున్న కథలు మన వారపత్రికల్లోనూ, టీవీ సీరియళ్లలోనూ, ఇప్పుడు ఫోన్లలో చదువుకునే ధారావాహిక నవలల్లోనూ ఎడతెగకుండా వస్తున్నాయి. వాటిని చదివేవారిని తక్కువచేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. నేనూ చదువుతాను, కొన్నింటిని వచ్చే వారం దాకా ఆగలేనంత ఆసక్తితో చదువుతాను. అయితే చాలా ఏళ్లు విజయనగరంలో కామర్సు బోధించి, ఉద్యోగ విరమణ తర్వాత లైంగిక వేధింపుల మీద వచ్చే ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీల్లో, ఒకటి రెండు సంస్థల్లో, బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను కనుక, ఆ కథలు ఆగిపోయిన చోటి నుంచి మన ఊళ్లలో ఏం జరుగుతుందో రాయాలనిపించింది. కమిటీల ముందుకు వచ్చిన ఏ వ్యవహారమూ ఈ ఉత్తరంలో లేదు. వాటి వివరాలు బయటపెట్టడాన్ని చట్టమే నిషేధించింది, నిషేధించకపోయినా నేను రాసేదాన్ని కాదు.

యజమాని ఉద్యోగినిని ప్రేమించడం నేరమని నేను అనడం లేదు, చట్టమూ అనడం లేదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టడానికి 2013లో వచ్చిన చట్టం ఆమెకు ఇష్టం లేని ప్రవర్తన గురించే మాట్లాడుతుంది. ఇద్దరి ఇష్టంతో సాగే అనుబంధం జోలికి పోదు. పొద్దున్న షట్టరు తీసిన దగ్గర్నుంచి రాత్రి లెక్కలు కట్టే దాకా ఒకే కప్పు కింద గడిపే మనుషుల్లో ఇద్దరికి మనసు కలిస్తే అందులో ఆశ్చర్యపడవలసింది కూడా ఏమీ లేదు. ఆఫీసులో పరిచయమై, పెళ్లి చేసుకుని, పిల్లాపాపలతో చల్లగా ఉన్న జంటలు మన వీధుల్లోనే ఉన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు రెండోవారి జీతం నిర్ణయించేవారూ, వారి పని బాగుందో లేదో తేల్చేవారూ అయినప్పటి సంగతి గురించే నా బాధంతా.

ఈ కథల్లో నాయిక ఎప్పుడూ డిజైనరో, ప్రకటనలు రాసే అమ్మాయో, బొమ్మలు గీసే అమ్మాయో అవుతుంది. క్యాషియరు మాత్రం ఎందుకు కాదు? లెక్కలు రాసే ఉద్యోగి పని సరిగ్గా ఉందని చెప్పడానికి ఎవరి అభిమానమూ అక్కర్లేదు, బ్యాలెన్సు షీటు కలిసిందో లేదో చూస్తే చాలు. జూట్ మిల్లులో యంత్రం దగ్గర నిలబడే మనిషికి ఇన్ని గజాలు, ఇన్ని గోనెలు అన్న కొలత ఉంది. చీర కొంగుకు గీసిన నెమలి బాగుందో లేదో, సిరిమాను పండుగ ముందు వేసే ప్రకటనకు రాసిన రెండు వాక్యాలు పండాయో లేదో తేల్చే తూనిక ఏదీ లేదు. అది చూసేవారి కంటిలోనే ఉంటుంది. చిన్న సంస్థల్లో ఆ చూసే మనిషి ఒక్కరే, ఆయన యజమాని. ఆ యజమానికి ఆమె మీద మనసు పడిన రోజున, ఆమె పనిని తూచడానికి ఆ సంస్థలో ఉన్న ఒకే ఒక్క తూనిక చెడిపోతుంది. కథల్లో ఇది ఎవరికీ పట్టదు. ఆయన ఆమె స్కెచ్ పుస్తకం తిరగేసి “అద్భుతం” అనడమే అక్కడ ప్రేమకు మొదటి మెట్టు.

నా దగ్గర చదువుకుని, విశాఖలో డిజైనింగు నేర్చుకుని వచ్చి, ఒక వస్త్ర వ్యాపార సంస్థలో చీరల అంచులు, కొంగులు గీసే పనిలో చేరిన అమ్మాయి ఒకసారి మా ఇంటికి వచ్చింది. పెద్ద చదువు చదివి వచ్చి వ్యాపారం చూసుకుంటున్న యజమాని గారి అబ్బాయి ఆమె పనిని నలుగురిలో మెచ్చుకోవడంతో మొదలైన వ్యవహారం, రాత్రిపూట కొత్త బుటాల గురించి వచ్చే మెసేజీల మీదుగా పెళ్లి మాట దాకా వచ్చింది. అతను మర్యాదస్తుడనే ఆమె చెప్పింది. ఒక్క మాట తూలలేదట, ఆలోచించుకుని చెప్పమన్నాడట. ఇంట్లో తల్లి మాత్రం “మారాజుల సంబందం ఎతుక్కుంటూ వస్తే నీకేటే బాద?” అని కోప్పడిందట. ఆ అమ్మాయి అతన్ని ప్రేమిస్తున్నానో లేదో చెప్పమని నన్ను అడగలేదు. “మేడమ్, నేను కాదంటే రేపట్నుంచి నా డిజైన్లు ఆయనకు నచ్చుతాయా? అవునంటే, అవి బాగుండి నచ్చుతున్నాయో, నేను గీశానని నచ్చుతున్నాయో నాకు తెలిసేదెలా?” అని అడిగింది. ఎన్నో ధారావాహికలు చదివిన నాకు ఈ ప్రశ్న వేసిన నాయిక ఒక్కరూ గుర్తు రాలేదు. ఆమె తర్వాత ఏం నిర్ణయించుకుందన్నది ఆమె సొంత విషయం కనుక ఇక్కడ రాయను.

కథలు పెళ్లి పందిట్లో ఆగిపోతాయి. మన జిల్లాల్లోని వస్త్ర దుకాణాలు, నగల దుకాణాలు, ప్రింటింగు ప్రెస్సులు, విద్యాసంస్థలు ఎక్కువగా కుటుంబ వ్యాపారాలే కాబట్టి, ఆ తర్వాతి భాగాన్ని ఊహించడం కష్టం కాదు. నిన్నటి దాకా నెలకు ఇంత అని జీతం తీసుకున్న డిజైనరు ఇవాళ ఇంటి కోడలు. మన షాపులో మన పనికి జీతమేమిటన్న మాట ఎవరో ఒకరు ప్రేమగానే అంటారు. పీఎఫ్ ఖాతాలో జమ ఆగుతుంది, జీతపు చీటీ రాదు. భాగస్వామ్య పత్రంలో మామగారి పేరు, బావగారి పేరు, భర్త పేరు ఉంటాయి, ఈమె పేరు ఉండదు. గీయడం మాత్రం ఆగకపోవచ్చు. వంటా వార్పూ అయ్యాక, పిల్లలు పడుకున్నాక, పండుగల సరుకు కోసం ఆమె గీస్తూనే ఉండవచ్చు. ఉద్యోగినిగా ఉన్నప్పుడు ఆ పనికి వెల ఉండేది. ప్రేమ కుదిరాక అది ప్రియుడికిచ్చే కానుక అయింది, పెళ్లయ్యాక కోడలి ధర్మం అయింది. కథలో దీన్ని సుఖాంతం అంటున్నాం.

మనసు విరిగి విడిపోయినా ఇంతే. ఆయన తన గదిలోకి తాను వెళ్లి కూర్చుంటారు, ఆమెకు మాత్రం వేరే ఉద్యోగం వెతుక్కోక తప్పదు. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా మాట పాకడానికి ఒక పూట చాలిన ఊళ్లో, అదే వీధిలోని మరో షోరూము వారు ఆమెను తీసుకునే ముందు ఎక్కడ మానేశావు, ఎందుకు మానేశావు అని అడుగుతారు. జవాబు వారికి ముందే తెలుసు. అనుభవ పత్రం ఇవ్వవలసింది కూడా ఆ పాత యజమానే. ఆమెది వేరే కులమైతే, వలలో వేసుకుందన్న మాట ఇటువైపు నుంచీ, పరువు తీసిందన్న మాట అటువైపు నుంచీ వస్తుంది. మన ధారావాహికల్లో నాయికకు ఇంటిపేరు, ఇష్టమైన రంగు, చిన్ననాటి జ్ఞాపకం అన్నీ ఉంటాయి, కులం మాత్రం ఉండదు. రాసేవారికి అది సౌకర్యం కావచ్చు గానీ, చీపురుపల్లి నుంచో గజపతినగరం నుంచో రోజూ రైలెక్కి పనికి వచ్చే అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు.

ఇక ఆమె గీసిన వాటి సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో భాగంగా గీసిన బొమ్మ మీద, రాసిన రాత మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కు యజమానిదే. వస్త్రాల డిజైన్లను 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, కోరితే ఆపై మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. ఆ నమోదు కూడా డబ్బిచ్చి గీయించుకున్నవారి పేరిటే జరుగుతుంది. వ్యాపారం కోణంలో ఇందులో అన్యాయమేమీ లేదు, జీతమిచ్చినవారికి సరుకు మీద హక్కు ఉండాలి. కానీ కాపీరైటు చట్టం 57వ సెక్షను, ఆ హక్కు చేతులు మారాక కూడా, ఈ కృతి నాది అని చెప్పుకునే హక్కును గీసినవారికే ఉంచింది. ఈ సంగతి తెలిసిన డిజైనర్లు మన దగ్గర తక్కువ. విడిపోయిన రోజున సంస్థ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేసి, ఫైళ్లన్నీ అందులోనే వదిలేసి బయటికి వచ్చిన అమ్మాయికి, తర్వాతి ఇంటర్వ్యూలో తన పనిగా చూపించుకోవడానికి ఏమీ మిగలదు. ప్రేమ నడిచిన రోజుల్లో గీసినవైతే మరీ చిక్కు. అవి ఉద్యోగంలో భాగమా, ఇష్టంతో ఇచ్చినవా అన్నది ఆమే తేల్చి చెప్పలేదు.

కళాకారులను సంపన్నులు పోషించడం విజయనగరానికి కొత్త కాదు కదా అని నా మిత్రురాలొకరు ఈ ఉత్తరం చిత్తుప్రతి చూసి అన్నారు. నిజమే, కానీ ఆ పోలిక నా మాటకే బలమిస్తుంది. 1919లో విజయరామ గజపతిరాజు గారు సంగీత పాఠశాల స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి అధ్యక్షుణ్ణి చేశారు. డబ్బు సంస్థానానిదే, భవనం సంస్థానానిదే. అయినా నూరేళ్లు దాటాక ఆ కళాశాల ప్రస్తావన వస్తే మన నోట ముందు వచ్చే పేరు దాసుగారిదే. పోషకుడు పదవి ఇచ్చాడు, కళాకారుడి పేరు కళాకారుడికి ఉంచాడు. ఇప్పటి షోరూము అద్దాల వెనక వేలాడే చీర మీద సంస్థ పేరుంటుంది, నేత రకం పేరుంటుంది, ధర ఉంటుంది. కొంగు గీసిన మనిషి పేరు వెతికినా దొరకదు.

ఇలాంటి పెళ్లిళ్లు ప్రపంచంలో బాగా నడవలేదా అని అడిగేవారు బిల్ గేట్స్ దంపతులను గుర్తుచేస్తారు. మెలిండా గారు 1987లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు, 1994లో ఆ సంస్థ అధినేతను పెళ్లాడారు, 2021లో ఇద్దరూ విడాకులు తీసుకున్నారు. అయితే ఆమె ఎంబీఏ పూర్తిచేసి వచ్చిన మనిషి, అక్కడ కాకపోతే మరోచోట ఉద్యోగం తెచ్చుకోగలిగిన మనిషి. కాదనడానికి వీలున్న చోట చెప్పిన అవునుకు ఉన్న విలువ వేరు. ఆ దేశపు పెద్ద సంస్థలే తర్వాత ఈ విషయంలో ఎంత కఠినంగా మారాయో కూడా చూడాలి. ఉద్యోగినితో ఇష్టపూర్వకంగానే సాగిన పాత సంబంధం సంస్థ నియమాలకు విరుద్ధమని 2018లో ఇంటెల్ అధిపతి రాజీనామా చేయవలసి వచ్చింది. అలాంటి కారణంతోనే 2019లో మెక్‌డొనాల్డ్స్ తన అధిపతిని తొలగించింది. స్విట్జర్లాండుకు చెందిన నెస్లే 2025లో, నేరుగా తన కింద పనిచేసే ఉద్యోగినితో ఉన్న ప్రేమ సంబంధాన్ని దాచినందుకు అధిపతిని పంపించివేసింది. మూడు చోట్లా కుర్చీ ఖాళీ చేసింది పైనున్న మనిషే. మన దగ్గర ఇలాంటి సంగతి బయటపడిన మర్నాడు ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో పాఠకులు తమకు తెలిసిన ఏ సంస్థనైనా తలుచుకుని చెప్పవచ్చు.

మన సంస్థల్లో యజమానిని తొలగించే బోర్డు ఉండదు, ఉన్నా అందులో ఆయన తమ్ముడే ఉంటాడు. అందుకే 2013 చట్టంలో ఒక ఏర్పాటును అందరూ తెలుసుకోవాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలన్నది చాలామందికి తెలుసు. దాన్ని వేయకపోతే యాభై వేల రూపాయల దాకా జరిమానా. పదిమంది కంటే తక్కువ ఉన్న దుకాణంలోనైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడైనా, వినవలసింది జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీ అన్నది చాలా తక్కువమందికి తెలుసు. తాత్కాలికంగా పనిచేసేవారు, రోజు కూలీకి వచ్చేవారు, శిక్షణలో ఉన్నవారు కూడా ఈ చట్టం దృష్టిలో ఉద్యోగులే. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో మూడు నెలలు. ఒప్పుకుంటే మేలు జరుగుతుందని, ఒప్పుకోకపోతే ఉద్యోగానికి ముప్పని నోటితో అనకపోయినా, తీరులో సూచించినా అది వేధింపు కిందికి రావచ్చని చట్టం స్పష్టంగా చెప్పింది. మన దగ్గర పెద్దమనుషులు కూర్చుని అమ్మాయి తండ్రికి ఎంతో కొంత ముట్టజెప్పి ముగించే పద్ధతి ఒకటుంది కదా, ఈ చట్టం ప్రకారం రాజీ కుదిర్చినా అది డబ్బు ప్రాతిపదికన కుదరకూడదు. పెళ్లి చేసుకుంటాననో, ఉద్యోగమో ప్రమోషనో ఇస్తాననో మోసంతో నమ్మించి శారీరక సంబంధం పెట్టుకోవడమైతే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను కింద పదేళ్ల దాకా శిక్ష పడదగిన నేరం. యజమానురాలు, ఉద్యోగి అయిన పురుషుడు అన్న సందర్భంలో 2013 చట్టం పనికిరాదు, అది మహిళల ఫిర్యాదులకే పరిమితం. ఆ లోటు నిజమైనదే గానీ అది మరో ఉత్తరానికి సరిపడే విషయం.

చట్టం అవసరం రాకముందే ఆ పైనున్న మనిషి చేయదగినవి ఉన్నాయి. మనసులో మాట చెప్పదలచుకున్న యజమాని, అది చెప్పకముందే, ఆమె జీతం, సెలవులు, పని మంచిచెడ్డలు నిర్ణయించే బాధ్యతను వేరొకరికి రాతపూర్వకంగా అప్పగించాలి. దుకాణం మరీ చిన్నదై అలాంటి వేరొకరు లేకపోతే, పనిని మెచ్చే అధికారాన్ని ఒక బయటి డిజైనరుకో, కనీసం అమ్మకాల లెక్కకో వదిలేయవచ్చు; ఏ డిజైను ఎన్ని చీరలు అమ్మిందన్న లెక్కకు ఎవరి మీదా మనసు పడదు. ఆమె గీసిన వాటి జాబితా తేదీలతో ఆమె దగ్గర ఒక ప్రతి ఉండాలి, వాటిని తన పనిగా చూపుకోవచ్చన్న వాక్యం నియామక పత్రంలో ఉండాలి. పెళ్లయితే, ఆమె పని కొనసాగిస్తే, జీతమో వాటానో కాగితం మీద ఉండాలి. ప్రేమకు కూడా అగ్రిమెంటేమిటని ఈ ఉత్తరం చదివేవారిలో కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. అద్దె ఇంటికి, పాల చీటీకి, సొంత అన్నదమ్ములతో వ్యాపారానికి కాగితం రాసుకునే మనకు, ఒక ఆడపిల్ల చేతి పని దగ్గర మాత్రం కాగితం నామోషీ ఎందుకవ్వాలో నాకు అర్థం కాదు. పైగా ఈ పని చేయవలసింది ఆయన. కాదంటే ఏమవుతుందోనన్న భయం ఆమెది కాబట్టి, ఆ భయం లేకుండా చేయవలసిన బాధ్యత ఆయనది. అంతపాటి శ్రమ పడలేనివాడి ప్రేమను ఆమె నమ్మవలసిన పని లేదని నా అభిప్రాయం.

ధారావాహికలు రాసే రచయితలకు ఉపదేశాలు చేసే అర్హత నాకు లేదు. ఒక పాఠకురాలిగా మాత్రం, పెళ్లయిన ఆరు నెలల తర్వాత ఆ నాయిక బల్ల ఎక్కడుందో, ఆమె గీసిన దానికి ఎవరి పేరు పెట్టారో చెప్పే కథ ఒకటి చదవాలని ఉంది. అందులో నాటకీయత తక్కువ ఉంటుందని నేను అనుకోను.

మీ పత్రికను కోరేది ఒకటి ఉంది. ప్రతి జిల్లాలోనూ 2013 చట్టం కింద అధికారిని నియమించాలని, స్థానిక కమిటీలు వేయాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల స్థానిక కమిటీల అధ్యక్షుల పేర్లు, కార్యాలయాల చిరునామాలు, ఫోను నంబర్లు, మండలాల్లో, మునిసిపాలిటీల్లో ఫిర్యాదులు తీసుకోవలసిన నోడల్ అధికారుల వివరాలు కలెక్టరేట్ల నుంచి తీసుకుని మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఒక్కసారి వేస్తే ఆ కాగితంలో మర్నాడు ఉల్లిపాయలు కట్టేస్తారు కనుక, దసరా ముందు దుకాణాలు కొత్త ఉద్యోగులను తీసుకునే రోజుల్లో, ‘సేల్స్ గర్ల్స్, డిజైనర్లు కావలెను’ అన్న వర్గీకృత ప్రకటనల పక్కనే, వారానికొకసారి వేయగలిగితే మరీ మంచిది.

ఇట్లు,
విశ్రాంత కామర్సు అధ్యాపకురాలు,
విజయనగరం